ఆదివాసీ బాలల అక్షరాస్యత, డిజిటల్ కథనం

ఆదివాసీ పిల్లలకు ప్రాథమిక బడిలో వాళ్ళ ఇంటి భాషలో, వాళ్ళ కథలు, పాటలు, పరిసరాలు ఆధారంగా చదవడం, రాయడం నేర్పే విధానాలను ఆదివాసీ అక్షరాస్యతా పద్ధతులు అంటారు. పిల్లలు తమ గొంతుతో చెప్పిన కథకు బొమ్మలు, ఫొటోలు, చప్పుళ్ళు జోడించి చిన్న వీడియోగానో, వినిపించే పుస్తకంగానో తయారుచేయడం డిజిటల్ కథనం. 1990ల తరవాత ఈ రెండు ధోరణులు ఒకచోట కలిశాయి. చాలా ఆదివాసీ భాషల సాహిత్యం నోటి సాహిత్యమే. అచ్చు పుస్తకం ఆ కథల్లోని మాటల్ని నిలబెట్టింది గాని, చెప్పేవారి గొంతును, ఆగే చోట్లను, వినేవాళ్ళు ఊకొట్టే తీరును వదిలేసింది. వదిలేసిన ఆ భాగాన్ని ధ్వని, వీడియో పరికరాలు బడిలోకి తేగలుగుతున్నాయి. వాటితో పాటే ఆ గొంతు ఎవరిది, ఆ కథను ఎవరు, ఎప్పుడు వినవచ్చు అన్న ప్రశ్నలూ బడిలోకి వచ్చాయి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, కెనడా, అమెరికాలలోనూ, మన దేశంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశాలలోనూ ఈ రంగంలో చెప్పుకోదగ్గ కృషి జరిగింది.

చారిత్రక నేపథ్యం

చాలా దేశాల్లో బడి ఆదివాసులకు తమ భాషను మరిపించే చోటుగా మారింది. న్యూజిలాండ్‌లో 1867 నాటి చట్టం మావోరీ గ్రామాల్లో ఇంగ్లీషు బోధించే ప్రభుత్వ బడులు పెట్టించింది. హవాయిలో 1896లో వచ్చిన చట్టం బడుల్లో ఇంగ్లీషును బోధనా మాధ్యమంగా చేసింది. కెనడాలో 1880ల నుంచి ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన వసతి పాఠశాలల్లో లక్షా 50 వేలకు పైగా ఆదివాసీ పిల్లలు చదివారు. వాళ్ళను తల్లిదండ్రులకు దూరంగా ఉంచి, సొంత భాషలో మాట్లాడితే శిక్షించారు. ఈ వ్యవస్థ 1990ల దాకా ఏదో ఒక రూపంలో కొనసాగింది. దానిపై విచారణ జరిపిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 సూచనలు చేసింది. విద్య, భాషల పునరుద్ధరణ వాటిలో ముఖ్యమైనవి.

ఎదురు ప్రయత్నాలు 1960ల నుంచి కనిపిస్తాయి. అమెరికాలోని ఆరిజోనాలో నవాహో ప్రజలు 1966లో రఫ్ రాక్ అనే చోట తామే నడుపుకునే బడి తెరిచారు. కెనడా ఆదివాసుల జాతీయ సంఘం 1972లో తమ పిల్లల చదువు తమ చేతిలోనే ఉండాలని విధాన పత్రం ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి 2007లో ఆమోదించిన ఆదివాసీ హక్కుల ప్రకటన 14వ అధికరణం సొంత భాషలో, సొంత పద్ధతుల్లో బోధించే విద్యాసంస్థలు నెలకొల్పుకునే హక్కును గుర్తించింది. 2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల అంతర్జాతీయ దశాబ్దం.

భారతదేశంలో ఆదివాసీ భాషల మీద అలాంటి చట్టపరమైన నిషేధం లేదు. ఇక్కడ జరిగింది ఆ భాషల్ని పట్టించుకోకపోవడం. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలోనే చెప్పాలంటుంది. ఆచరణలో మాత్రం గోండు గూడెంలో పుట్టిన పిల్లవాడు ఆరో ఏట బడికి వచ్చి, తనకు రాని తెలుగులో తనకు తెలియని అక్షరాలు నేర్చుకోవలసి వచ్చేది. అంటే ఒకే రోజు రెండు కొత్త విషయాలు మీద పడేవి. ఆదివాసీ బాలలు మొదటి రెండు మూడు తరగతుల్లోనే బడి మానేయడానికి చెప్పే కారణాల్లో ఇది ముఖ్యమైనది.

అక్షరానికి ముందున్న చదువు

లిపి లేని సమాజాన్ని చదువు లేని సమాజంగా చూడటం పొరపాటని ఈ రంగంలోని పరిశోధకులు అంటారు. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండుల వంశకథలను ప్రధాన్ గాయకులు కిక్రి అనే వాద్యం వాయిస్తూ చెబుతారు. కోయల కథకులైన డోలీలు ఇలవేల్పుల కథలు చెప్పేటప్పుడు బొమ్మలున్న త్రికోణాకారపు గుడ్డను, అంటే పడిగెను ముందు పెట్టుకుంటారు. అందులోని ఒక్కో బొమ్మ ఒక్కో ఘట్టానికి గుర్తు. కోయ గాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఇలాంటి మౌఖిక చరిత్రను కాపాడినందుకే. సవరలు ఇంటి గోడ మీద వేసే బొమ్మల్ని ఒడిశా వైపు ఇడితల్ అంటారు. అది ఇంటి అలంకారం కాదు, పెద్దలకు, దేవతలకు చెప్పుకునే మాట. మధ్య ఆస్ట్రేలియా స్త్రీలు ఇసుకలో గీతలు గీస్తూ కథ చెబుతారు, ఒక ఘట్టం ముగియగానే చేత్తో చెరిపి తరవాతి ఘట్టానికి వెళతారు.

వీటన్నిటిలో పిల్లలు గుర్తును చూసి అర్థం పట్టుకోవడం, వరస గుర్తుపెట్టుకోవడం, జరగబోయేది ఊహించడం నేర్చుకుంటారు. చదవడానికి కావలసిన పునాది ఇదే. బడి దీని మీద కట్టాలన్నది ఆదివాసీ అక్షరాస్యతా పద్ధతులన్నిటికీ ఉమ్మడి సూత్రం.

బోధనా పద్ధతులు

ఈ సూత్రాన్ని తరగతిలో పరీక్షించి చూసిన తొలి ప్రయత్నాల్లో ఒకటి 1970ల్లో హవాయిలో కమేహమేహ విద్యాసంస్థ చేపట్టిన పఠన కార్యక్రమం. ‘ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు వినాలి, చెయ్యి ఎత్తి అనుమతి అడగాలి’ అన్న నియమం ఉన్న తరగతిలో హవాయి పిల్లలు నోరు విప్పేవారు కాదు, లేదా అల్లరి చేస్తున్నారనిపించుకునేవారు. ఇళ్ళలో గమనిస్తే వాళ్ళ కబుర్ల తీరే వేరు. ఒకరు మొదలుపెట్టిన వాక్యాన్ని ఇంకొకరు అందుకుంటారు, మూడోవారు మధ్యలో సరిదిద్దుతారు, కథ అందరిదీ అవుతుంది. టీచర్లు పఠన పాఠాన్ని ఆ తీరులోకి మార్చారు. చిన్న గుంపులో కూర్చోబెట్టి, కథలో ఒక భాగం చదివించి, అందరూ కలిసి మాట్లాడుకోనిచ్చారు. పిల్లల పఠన ఫలితాలు మెరుగుపడ్డాయి.

ఇదే పద్ధతిని 1980ల్లో రఫ్ రాక్‌కు తీసుకువెళితే అక్కడ అది అలాగే పనిచేయలేదు. నవాహో పిల్లలు కథను ముక్కలు చేసి మధ్యమధ్యలో ప్రశ్నలు వేయడానికి ఇష్టపడలేదు. కథంతా పూర్తిగా విన్నాకే మాట్లాడతామన్నారు. ఒకరి మాటకు ఒకరు అడ్డం రావడం వాళ్ళలో మర్యాద కాదు. ఆదివాసీ పద్ధతి అనేది ఒకే అచ్చు కాదని, ఏ ఊరికి ఆ ఊరు చూసుకోవాలని ఈ రెండు బడుల అనుభవం తేల్చింది.

తరవాతి దశాబ్దాల్లో కొన్ని చట్రాలు పేరు తెచ్చుకున్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ పశ్చిమ ప్రాంతంలో రూపొందిన ‘ఎనిమిది దారులు’ పద్ధతి కథ పంచుకోవడం, నేల మీద పటం గీసుకోవడం, చేతలతో చూపడం, గుర్తులు, ఊరితో బంధం వంటివాటిని పాఠానికి ప్రవేశ ద్వారాలుగా వాడుతుంది. కెనడాలోని స్తోలో జాతికి చెందిన విద్యావేత్త జోఆన్ ఆర్చిబాల్డ్ 2008లో ప్రచురించిన గ్రంథంలో కథా బోధనకు గౌరవం, బాధ్యత, ఇచ్చిపుచ్చుకోవడం, భక్తి, సమగ్రత, పరస్పర బంధం, కలిసిన శక్తి అనే ఏడు సూత్రాలు చెప్పారు. కథ విన్నవాడికి దాని మీద బాధ్యత కూడా ఏర్పడుతుందన్నది వీటిలో ముఖ్యమైన భావన.

భారతదేశంలోని బహుభాషా బడుల్లో ఎక్కువగా వాడినది రెండు దారుల పద్ధతి. ఒక దారి అర్థానిది, రెండోది అక్షరానిది. ఇప్పపూలు రాలే కాలంలో ఒకటో తరగతి పాఠం ఉదాహరణగా తీసుకోవచ్చు. తెల్లవారుజామున అమ్మతో వెళ్ళి పూలు ఏరిన సంగతి పిల్లలు తమ భాషలో చెబుతారు. టీచరు ఆ మాటల్ని సరిదిద్దకుండా, వాళ్ళు అన్నది అన్నట్టే పెద్ద కాగితం మీద రాస్తారు. ఒక్కో వాక్యానికి ఒక పేజీ, పేజీకో బొమ్మ, ఆ బొమ్మలు పిల్లలే వేస్తారు. ఇది తరగతి అంతా దూరం నుంచి చదవగలిగే పెద్ద పుస్తకం అవుతుంది. రెండో దారిలో ఆ కథలోనే పదేపదే వచ్చే ఒక మాటను విడదీసి, దాని అక్షరాలు నేర్పి, ఆ అక్షరాలతో కొత్త మాటలు కట్టిస్తారు. ఇంటి భాషలో చదవడం పట్టుబడ్డాక రాష్ట్ర భాష క్రమంగా వస్తుంది. చదవడం అనే విద్య ఒక్కసారి వస్తే చాలు, రెండో భాషకు దాన్ని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు.

డిజిటల్ కథనం: పుట్టుక, పనితీరు

డిజిటల్ కథనం ఒక శిక్షణా పద్ధతిగా 1990ల మధ్యలో కాలిఫోర్నియాలో రూపుదిద్దుకుంది. రంగస్థలం నుంచి వచ్చిన జో లాంబర్ట్, కళాకారుడు డానా ఆచ్‌లీ మొదలైనవాళ్ళు మామూలు మనుషులను వలయంగా కూర్చోబెట్టి, తమ జీవితంలోని ఒక సంఘటనను సొంత గొంతుతో, కొద్ది ఫొటోలతో రెండు మూడు నిమిషాల్లో చెప్పడం నేర్పారు. వలయంగా కూర్చుని వంతులవారీగా చెప్పుకోవడం అనేక ఆదివాసీ సమాజాలకు ఎప్పటినుంచో ఉన్న అలవాటే కాబట్టి ఈ పద్ధతి వాళ్ళకు తేలిగ్గా అందింది.

ప్రాథమిక బడిలో దీని క్రమం ఇలా ఉంటుంది. పిల్లలు ముందుగా ఊళ్ళో ఒక పెద్దమనిషి దగ్గర కథ వింటారు. తరగతికి వచ్చి ఆ కథను గళ్ళుగళ్ళుగా బొమ్మల్లో వేసుకుంటారు. ఒక్కో గడికి ఒకటి రెండు వాక్యాలు రాస్తారు. ఆ వాక్యాలను ఫోనులోనో ట్యాబ్‌లోనో చదివి రికార్డు చేస్తారు. బొమ్మల్ని ఫొటో తీసి గొంతుతో కలుపుతారు. చివరికి ఊరివాళ్ళకు చూపిస్తారు.

అక్షరాస్యతకు ఇందులో అసలు లాభం రికార్డింగ్ దగ్గర ఉంది. తడబడకుండా చదివిన రికార్డు కావాలంటే పిల్లవాడు తాను రాసినదాన్ని ఐదారుసార్లు చదవాలి. ఎవరూ చెప్పకుండానే ధారాళంగా చదివే సాధన అయిపోతుంది. తన గొంతును తాను విన్నప్పుడు రాతలో ఎగిరిపోయిన మాట తెలుస్తుంది, వెళ్ళి దిద్దుకుంటాడు. రాసినదీ పలికినదీ ఒకటేనన్న ఎరుక మొదటి తరగతుల్లో కుదరవలసిన ముఖ్యమైన విషయం. అది ఇక్కడ కళ్ళ ముందు జరుగుతుంది. రాయడానికి వెనకాడే పిల్లలకు బొమ్మ, గొంతు ముందు దారి ఇస్తాయి.

వివిధ దేశాల అనుభవం

న్యూజిలాండ్‌లో 1982లో మొదలైన కోహంగా రేయో అనే ‘భాషా గూళ్ళ’లో అవ్వాతాతలు బడి ఈడు రాని పిల్లలతో రోజంతా మావోరీలోనే గడుపుతారు. ఆ పిల్లల కోసమే 1985లో మావోరీ మాధ్యమ ప్రాథమిక బడులు వచ్చాయి. హవాయిలో 1980ల్లో మొదలైన శిశు విద్యాలయాల పేరు పూనానా లేయో, అంటే ‘గొంతుల గూడు’. న్యూజిలాండ్ ఉత్తర కొసలోని తే హికు మీడియా అనే మావోరీ ప్రసార సంస్థ 2018లో పది రోజుల్లో దాదాపు 300 గంటల మావోరీ మాటల్ని ప్రజల చేత చదివించి సేకరించింది, వాటితో మాటను రాతగా మార్చే పరికరం తయారుచేసింది. ఆ ధ్వని సంపద మావోరీ సమాజం సంరక్షణలోనే ఉండాలని ప్రత్యేక లైసెన్సు రాసుకుంది.

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో 1973లో ద్విభాషా బోధన మొదలైంది. బడుల్లోనే చిన్న ముద్రణ కేంద్రాలు పెట్టి స్థానిక భాషల్లో వేలాది పుస్తకాలు తెచ్చారు. యిర్కలా బడిలో యోల్ంగు ప్రజలు మంచినీరు, ఉప్పునీరు కలిసే చోటును తమ బోధనకు పోలికగా తీసుకున్నారు. రెండు జ్ఞానాలూ కలవాలి, ఏ ఒక్కటీ రెండోదాన్ని మింగకూడదు అని దాని భావం. 2008లో అక్కడి ప్రభుత్వం రోజూ మొదటి నాలుగు గంటలు ఇంగ్లీషులోనే చెప్పాలని ఆదేశించడంతో ఆ బడులు దెబ్బతిన్నాయి. అటకెక్కిన పుస్తకాలను చార్లెస్ డార్విన్ విశ్వవిద్యాలయం 2012 నుంచి ‘సజీవ భాండారం’గా డిజిటల్ రూపంలోకి తెచ్చింది.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా ఆదివాసీ సాంస్కృతిక మండలి 2003లో ఫస్ట్‌వాయిసెస్ వేదికను ప్రారంభించింది. ఒక్కో సమాజం తన మాటలు, పాటలు, కథలు పెద్దల గొంతుతో అందులో చేర్చుకుంటుంది. ఏది అందరికీ తెరవాలో, ఏది తమ పిల్లలకే పరిమితం కావాలో ఆ సమాజమే నిర్ణయిస్తుంది. 2019లో కెనడా ఆదివాసీ భాషల చట్టం చేసింది.

తెలుగు నేలలో

తెలుగువారిలో ఈ ఆలోచనకు ఆద్యుడు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో సవరలకు బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు బడికి పెట్టమన్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. తెలుగులో వాడుక భాష కోసం పోరాడిన మనిషి, సవర పిల్లలకు వాళ్ళ వాడుక భాషలోనే చదువు కావాలనడం ఒకే సూత్రానికి రెండు రూపాలు. కొమురం భీం తిరుగుబాటు తరవాత నిజాం ప్రభుత్వం పంపగా ఆదిలాబాద్ వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభించారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే 8 భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. పుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఆయా గూడేల్లోని పాటలు, పొడుపుకథలు, పండగలు పాఠాలయ్యాయి. అదే భాష మాట్లాడే యువతీయువకులు వాలంటీర్లుగా బోధించారు. ఒడిశా కూడా రెండు మూడేళ్ళకే ఇదే దారి పట్టింది. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోట ఐదో తరగతి వరకైనా ఇంటి భాషలో చెప్పాలని సూచించింది.

డిజిటల్ వైపు చూస్తే, ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ 2015 సెప్టెంబరు 8న స్టోరీవీవర్ వేదిక తెరిచింది. అందులోని కథను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, తమ భాషలోకి మార్చవచ్చు, ముద్రించుకోవచ్చు. కొన్ని కథలు చదువుతూ వినేలా ఉంటాయి. ఒడిశాలో అదే సంస్థ ఆదికహాని పేరుతో ముండా, కుయి, సవర, జువాంగ్ భాషల్లో ఆ సమాజాల రచయితలు, చిత్రకారులతోనే పుస్తకాలు చేయించింది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఫోనులో గొంతు ద్వారా నడిచే వార్తా వేదిక. అక్షరం రానివాళ్ళు కూడా ఫోను చేసి తమ మాట రికార్డు చేయవచ్చు. గోండిలో పిల్లల కథల అనువాదానికీ ఆ బృందం పనిచేసింది.

లిపి, ధ్వని

2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు, కోయ, సవర మాట్లాడేవారు చెరి 4 లక్షలు. గోండి అనేక రాష్ట్రాల్లో చెదిరి ఉంది. తెలంగాణలో తెలుగు లిపి, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో దేవనాగరి వాడతారు. మున్షీ మంగళ్‌సింగ్ మసారాం 1918లో కూర్చిన గోండి లిపి ఒకటి, ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల లిపి ఒకటి ఉన్నాయి. వీటికి వరసగా 2017, 2018లలో కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో చోటు దక్కింది. మంగెయి గొమాంగో 1936లో రూపొందించిన సవర లిపి సొరంగ్ సొంపెంగ్‌కు 2012లోనే దక్కింది. చోటు దక్కినంత మాత్రాన చాలదు, చౌక ఫోనులో ఆ అక్షరాలు కనిపించాలి, టైపు చేయడానికి కీబోర్డు ఉండాలి.

సవరలో మాట చివర గొంతులో నొక్కిపట్టే ధ్వనులు ఉన్నాయి. తెలుగు అక్షరమాలలో వాటికి గుర్తు లేదు. అక్షరం చూపలేని ఆ ధ్వనిని రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది. అందుకే ఇలాంటి భాషల్లో ధ్వని ఉన్న పుస్తకం అచ్చు పుస్తకానికి అదనపు హంగు కాదు, దానిలోని లోటును పూడ్చేది.

కథ ఎవరి సొత్తు

నవాహోలు కొయోటీ అనే నక్క జాతి జంతువు కథల్ని చలికాలంలోనే చెబుతారు. ట్యాబ్‌లో పెట్టిన కథకు కాలం తెలియదు, మండువేసవిలోనూ నొక్కితే పలుకుతుంది. ఆస్ట్రేలియాలో చాలా ఆదివాసీ సమాజాలు చనిపోయినవారి గొంతు, బొమ్మ కొంతకాలం వినవు, చూడవు. కథ చెప్పిన తాత పోతే ఆ వీడియోను బడి పక్కన పెట్టాలి. కొన్ని కథలు ఆడవాళ్ళవి, కొన్ని మగవాళ్ళవి, కొన్ని ఫలానా వంశానివి.

దీనికి దొరికిన పరిష్కారాల్లో ప్రసిద్ధమైనది ముకుర్తు. ఆస్ట్రేలియాలోని టెనంట్ క్రీక్‌లో వరుముంగు ప్రజలు, పరిశోధకురాలు కిమ్ క్రిస్టెన్ కలిసి 2007లో దీన్ని తయారుచేశారు. వరుముంగు భాషలో ముకుర్తు అంటే పెద్దలు పవిత్ర వస్తువులు దాచుకునే అల్లిక సంచి. పిల్లలు అడగవలసిన తీరులో అడిగితే పెద్దలు సంచి విప్పి చూపిస్తారు. ఈ సాఫ్ట్‌వేర్ కూడా అంతే. చూసేవారి వంశం, లింగం, బంధుత్వం బట్టి ఏది తెరుచుకోవాలో సమాజం నిర్ణయిస్తుంది. ఇప్పుడు దీన్ని ఇతర దేశాల ఆదివాసీ సమాజాలూ వాడుతున్నాయి. కెనడా ఆదివాసులు 1998లో రూపొందించిన సూత్రాలు సమాచారంపై యాజమాన్యం, అదుపు, అందుబాటు, స్వాధీనం సమాజానివేనని చెబుతాయి.

ఇక్కడ రెండు మంచి ఉద్దేశాలు ఎదురెదురు పడతాయి. స్టోరీవీవర్ వంటి వేదికలు తాళం లేకుండా అందరికీ తెరిచినందువల్లే పేద బడులకు పుస్తకాలు అందుతున్నాయి. ముకుర్తు తాళం సమాజం చేతిలో ఉండాలంటుంది. ఆవు, నక్క, వాన వంటి కొత్తగా రాసిన పిల్లల కథలకు మొదటి దారి సరిపోతుంది. ఇలవేల్పుల కథకు, వంశకథకు రెండోది కావాలి. ఏ కథ ఏ కోవలోకి వస్తుందో రికార్డింగ్ మొదలుకాకముందే పెద్దలను అడిగి తేల్చుకోవడం మంచి పద్ధతిగా స్థిరపడింది.

పరిమితులు

అన్ని చోట్లా కనిపించే ఇబ్బంది ఆ భాష వచ్చిన టీచర్లు చాలకపోవడం. వాలంటీరు మానేస్తే ఎన్ని పుస్తకాలున్నా పాఠం తెలుగులోకో ఇంగ్లీషులోకో తిరిగిపోతుంది. ఒకే తరగతిలో కోయ, లంబాడీ, తెలుగు పిల్లలు కలిసి కూర్చునే బడులకు ఒక్క భాష వాచకం చాలదు. కొండ మీది గూడేలకు సిగ్నల్ అందదు కాబట్టి కథలు మెమరీ కార్డులో, ఇంటర్నెట్ అక్కర్లేని యాప్‌లో ఉండాలి. పరీక్షల సమస్య వేరే ఉంది. రాష్ట్ర భాషలో నిమిషానికి ఎన్ని మాటలు చదివాడో కొలిచే పరీక్ష, అదే పిల్లవాడు తాత దగ్గర విన్న కథను వరస తప్పకుండా చెప్పి, రాసి, చదివి వినిపించగలగడాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఈ కారణాల వల్ల అనేక కార్యక్రమాల్లో చివరి మెట్టుగా ఊరి ప్రదర్శనను పెట్టుకుంటున్నారు. పిల్లలు చేసిన కథను ముందుగా చెప్పినవారికే చూపిస్తారు. మాట తప్పితే పెద్దలు అక్కడే ఆపి దిద్దుతారు, చెప్పకూడని భాగం ఉంటే తీయిస్తారు. పిల్లలు మళ్ళీ రాసి, మళ్ళీ చదివి రికార్డు చేస్తారు. ఆ దిద్దుబాటు పూర్తయ్యాకే కథ బడి అలమరలోకి చేరుతుంది.